పెరటి నిండా ఆకుకూర, కంచంలో కారప్పొడి

ఇప్పుడు బాగానే ఉన్నాను. మిషను ముందు కూర్చుంటే రెండు జాకెట్లు కుట్టి గానీ లేవడం లేదు. మా ఆయన మీద అరిస్తే పక్కింటి దాకా వినపడుతోందట. నిరుడు దసరా రోజుల్లో అరవడానికి కాదు గదా, పిలవడానికే ఓపిక లేదు. ఏమైంది, ఎలా ఉన్నావు అని అడిగిన ప్రతివాళ్ళకీ తలో ముక్క చెప్పి విసుగొచ్చి, మొత్తం ఒక్కసారే రాసేస్తున్నాను. మీ ఇంట్లో ఈ మధ్య పురుడు వచ్చినా, రాబోతున్నా కాస్త ఓపిగ్గా చదవండి.

మాది నెల్లిమర్ల. మా ఆయన రమణకి జూట్ మిల్లులో పని. నేను ఇంట్లో జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతాను. కన్నవారిది గరివిడికి ఇవతల చిన్న ఊరు, వరీ నువ్వులూ చోళ్ళూ, అంటే రాగులూ, పండించుకునే ఇల్లు. పెళ్ళయిన చాలా ఏళ్ళకి గానీ నా కడుపు పండలేదు. ఆ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత అమ్మ చేసిందంతా ఆ బిడ్డ ఎక్కడ చేజారిపోతుందో అన్న భయంతో చేసిందే.

వేసవిలో, ఐదో నెల వచ్చేసరికి, నాకు సుద్దముక్క మీద మనసు పోయింది. గుడ్డ మీద గీత గీసుకునే సుద్ద. గీయడం మానేసి కొరకడం మొదలుపెట్టాను. పచ్చి బియ్యం గుప్పెళ్ళతో నమిలేదాన్ని. మా ఆయన చూసి, సుద్దయ్యాక మిషన్లో నూనె కూడా తాగేస్తావా అని ఆటపట్టించేవాడు. కడుపుతో ఉన్నవాళ్ళకి ఒక్కొక్కరికి ఒక్కో కోరిక అనుకుని నవ్వుకున్నాం. ఒంట్లో రక్తం తగ్గినప్పుడు అలాంటివి తినబుద్ధవుతుందని ఆసుపత్రిలో చెప్పాకే తెలిసింది. మాత్రలు ఇచ్చారు. వేసుకుంటే కడుపులో తిప్పేది. ఇష్టమైతే వేసుకునేదాన్ని, లేకపోతే లేదు.

శ్రావణంలో విజయనగరం పెద్దాసుపత్రిలో పాప పుట్టింది. రక్తం బాగానే పోయింది గానీ తల్లీపిల్లా క్షేమం అన్నారు. అమ్మ దగ్గరుండి మమ్మల్ని ఊరికి తీసుకుపోయింది. దారంతా పాపని ఒడిలోంచి దించలేదు. నా చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ చుట్టి, గాలి తగలకుండా కూర్చోబెట్టింది. అప్పుడు నాకంటే అదృష్టవంతురాలు లేదనిపించింది.

మా అమ్మ పెరడు గురించి చెప్పాలి. అమ్మ పేరు పైడమ్మ. ఊళ్ళో ఆవిడ పెరడంటే అందరికీ తెలుసు. స్నానాల నీళ్ళు పారేచోట అరటి, దాని పక్కన చేమ. దడి మీద బచ్చలి తీగ. వంటింటి గుమ్మం దగ్గర పొన్నగంటి, రెండు మళ్ళలో తోటకూర, పందిరి మీద ఆనప పాదు, చిక్కుడు పాదు, పేడ గెత్తం కుప్ప మీద గుమ్మడి. మూల మీద మునగచెట్టు. బియ్యం కడిగిన నీళ్ళు కూడా ఆవిడ వృథాగా పారబొయ్యదు. పొద్దున్నే వీధిలోవాళ్ళు వచ్చి, పైడమ్మొదినా, పప్పులోకి గుప్పెడు కోసుకుంటానే అంటే, వద్దనడం ఎరగదు.

నా మంచం సరిగ్గా ఆ పెరడు కనపడేచోట వేశారు. కంచంలో మాత్రం పాత బియ్యం అన్నం, మిరియాలూ శొంఠీ వేసి దంచిన కారప్పొడి, నువ్వుల నూనె చుక్క. అదీ బాలింత పథ్యం. పొద్దున ఒక ఉండ కాయం మందు మింగించేది. మంచినీళ్ళు కాచి, చిన్న గ్లాసుతో కొలిచి ఇచ్చేది. తోటకూర అడిగితే పిల్లకి చలవ చేస్తుందంది. ఆనపకాయా చలవే. గుమ్మడికాయ వాతం, పప్పు వాయువు, వంకాయ దురద. ఆసుపత్రి మాత్రలు వేడి అని అటక మీద పెట్టేసింది. ఇంక నేనేం తినాలే అని అరిస్తే, ఇన్నాళ్ళకి దేవుడిచ్చిన పిల్ల, నోరు కట్టుకోలేవా అని బతిమాలేది. అంత మెత్తగా అడిగితే నా కోపం ఎక్కడికో పోయేది.

రెండో నెల వచ్చేసరికి చెవుల్లో ఎప్పుడూ హోరు. మంచం మీద నుంచి లేస్తే గుండె దడదడా కొట్టుకునేది. జుట్టు దువ్వుకోవడానికి చెయ్యెత్తితే మధ్యలోనే దించేసేదాన్ని. పాప ఏడుస్తుంటే వినపడుతూనే ఉండేది, లేవడానికి మాత్రం ఒళ్ళు వచ్చేది కాదు. పాలు తగ్గిపోయాయి. అది చూసి అమ్మ ఏం చేసిందంటే, పథ్యం ఇంకా గట్టి చేసింది. నేను ఎక్కడో ఏదో తినకూడనిది తిన్నానని ఆవిడ అనుమానం.

నాన్న ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఒకరోజు అమ్మ చేనుకి వెళ్ళినప్పుడు ఒక అరటిపండు వలిచి నా నోట్లో పెట్టాడు. తొక్క ఎక్కడ పారెయ్యాలో తెలియక నా దిండు కిందే దాచాడు. పక్క దులిపేటప్పుడు అది అమ్మ కంటపడింది. తిట్టలేదు. ఆ తొక్క చేత్తో పట్టుకుని గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. అరటిపండుకి ఇంత ఏడుపేమిటని నేను విసుక్కున్నాను.

దసరా వెళ్ళాక ఒక ఎండ పూట పాపని ఎత్తుకుని పెరట్లోకి నడిచాను. పందిరి దాకా వెళ్ళేసరికి కళ్ళ ముందు అంతా నల్లబడిపోయింది. పందిరి గుంజ పట్టుకున్నాననుకున్నాను, పట్టుకోలేదు. పాప నా చేతుల్లోంచి జారి చేమ మడిలో పడింది. అక్కడ నీళ్ళు పారి మెత్తగా బురదగా ఉంది కాబట్టి దెబ్బ తగల్లేదు. అడుగు ఇవతల బట్టలుతికే బండ ఉంది. ఆ బండ సంగతి తలుచుకుంటే ఈరోజుకీ లేచి వెళ్ళి పాపని ఎత్తుకుంటాను.

కబురందుకుని మా ఆయన మిల్లు బట్టలతోనే వచ్చాడు. నా అరచేతులు తిప్పి చూశాడు. తెల్లగా, నానబెట్టిన బియ్యంలా ఉన్నాయి. వెళ్ళి ఆటో తెచ్చాడు.

ఆసుపత్రిలో పొడవాటి బల్ల మీద చాలాసేపు కూర్చున్నాం. కూర్చున్నాం అంటే వాళ్ళు కూర్చున్నారు, నేను మా ఆయన భుజం మీద వాలిపోయాను. ఒక పక్క నెల్లిమర్ల నుంచి వచ్చిన మా అత్త, ఇంకో పక్క కాచిన నీళ్ళ ఫ్లాస్కుతో అమ్మ. డాక్టరమ్మ నా కంటి రెప్ప కిందకి లాగి చూసి, ఇంత తక్కువ రక్తంతో ఎలా నిలబడ్డావమ్మా అంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే గుండె మీద పడుతుందని, వెంటనే రక్తం ఎక్కించాలని చెప్పింది. ఏం తింటున్నావని అడిగితే నాకంటే ముందు అమ్మే జవాబు చెప్పింది.

"పథ్యం ఒక్క పూట తప్పలేదమ్మా. నీళ్ళు కూడా కొలిసే ఇచ్చినాను."

ఆ మాట ఎంత గర్వంగా చెప్పిందో. డాక్టరమ్మ కోప్పడలేదు. అమ్మ ముఖం చూసి, తర్వాత నా ముఖం చూసి, రాయడంలో పడింది. గది బయటకి రాగానే మా అత్త మాత్రం ఆగలేదు.

"వదినా, పెరటి నిండా కూర పెట్టుకుని నా కోడల్ని ఎండగట్టీసినావు. పగోళ్ళు కూడా ఇలగ సెయ్యరు."

అమ్మ ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది, పాప బుగ్గ ఒకసారి తాకింది, బస్సుకి వెళ్ళిపోయింది. నేను పిలిచాను. పిలిచాననే అనుకుంటున్నాను, గొంతు బయటికి వచ్చిందో లేదో తెలియదు.

రక్తం ఎక్కుతుంటే ఒళ్ళంతా వణుకు. చెయ్యి కదపకూడదన్నారు. పాప ఆకలికి గుక్కపట్టి ఏడుస్తోంది, డబ్బా పాలు పడితే కక్కేస్తోంది. పక్క మంచం మీద నూకరత్నం అనే బాలింత ఉంది. భావనపాడులో పుట్టి మా వైపు కోడలుగా వచ్చిన బెస్తవాళ్ళ పిల్ల. కాసేపు చూసి, నన్నేమీ అడగకుండా, "ఇటియ్యండి ఆ గుంటని. నాకు పాలు కారిపోతన్నాయి" అని మా అత్త చేతుల్లోంచి పాపని అందుకుంది. తన కొడుకు ఒక పక్క, నా కూతురు ఒక పక్క. పాప నిద్రపోయింది. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను, సంతోషమో అసూయో చెప్పలేను.

మధ్యాహ్నం నూకరత్నానికి వాళ్ళమ్మ క్యారేజీ తెచ్చింది. మునగాకు వేసి కాచిన చేపల పులుసు, అన్నం. బాలింత కంచంలో ఆకు చూసి నా కళ్ళు పెద్దవయ్యాయి. మీకు పథ్యం లేదా అని అడిగితే, ఇదే మా పథ్యం, చేప తినకపోతే పాలెలా పడతాయి అని ఎదురు అడిగింది. గరిటెడు నాకూ వేసింది. ఉప్పూ కారం అన్నీ ఉన్న తిండి ఎన్నాళ్ళకి తిన్నానో. ఏడుస్తూనే తిన్నాను.

కార్తీకంలో నెల్లిమర్ల వచ్చేశాం. రోజూ ఏదో ఒక ఆకుకూర, వీలైతే గుడ్డు, పప్పు, చోడంబలి తినమన్నారు. మాత్రలు నిమ్మరసంతో వేసుకోమన్నారు. వాటి దగ్గరలో టీ తాగొద్దన్నారు. ఆ ఆఖరి మాట నాకు కాస్త కష్టమే అయ్యింది. నాకు పడింది రాస్తున్నాను. మీకేం కావాలో మీ డాక్టర్ని అడగండి. కానీ అడగడం మాత్రం మానకండి.

సంతలో కొన్న తోటకూర ఇంటికి వచ్చేసరికి వాడి వేలాడేది. రోజూ తెచ్చేవాళ్ళెవరు? నేనే పెంచుకుంటానన్నాను. మా వాటా వెనక ఉన్నదంతా సిమెంటు చేసిన నాలుగు అడుగుల జాగా. జూట్ మిల్లు ఊళ్ళో గోనెసంచులకి కొదవేముంది? మా ఆయన పాతవి కొని తెచ్చి చెరువు మట్టి, మేకల గెత్తం కలిపి నింపాడు. మొదటి విడత మొలకలు పక్కింటి కోళ్ళు ఏరి తినేశాయి. రెండో విడతకి మా ఆయన పాత వల ఒకటి కప్పాడు. అప్పుడు మొలిచింది తోటకూర. వేలెడు ఎత్తు రాగానే ఆగలేక పీకి పప్పులో వేశాను.

అమ్మ రాలేదు. ఫోను చేస్తే నాన్న ఎత్తేవాడు. అమ్మ చేన్లో ఉందనేవాడు, వెనక ఆవిడ గిన్నెలు తోముతున్న చప్పుడు నాకు వినపడుతూనే ఉండేది. ఒకరోజు నాన్న సంచి పట్టుకుని దిగాడు. అందులో పాత చీర ముక్కల్లో మూటలు కట్టిన విత్తనాలు: బచ్చలి, గోంగూర, చిక్కుడు, ఆనప. తడిగుడ్డ చుట్టిన మునగకొమ్మ. అమ్మ ఏమైనా చెప్పిందా అని అడిగాను.

"ఏటీ సెప్పలేదు. మునక్కొమ్మ తలకిందులుగా పాతీగలదు, సూసి పాతమను అంది."

నవ్వొచ్చింది. మునగకొమ్మ గోనెలో బతకదని వాటా వెనక గోడ అవతల, ఎవరిదీ కాని జాగాలో పాతాం. చిగురించింది.

చలికాలమంతా అలా గడిచింది. మునగాకు పప్పులో, అట్లలో, కారప్పొడిలో కూడా వేసేదాన్ని. ఒకరోజు మా ఆయన కంచం ముందు కూర్చుని, రేపట్నించి మేకల్తో పాటు నన్నూ తోలేయ్ అన్నాడు. తిట్టాను. తిట్టాక గుర్తొచ్చింది, అంత గట్టిగా తిట్టి ఎన్నాళ్ళయిందో. మెల్లగా చెవుల్లో హోరు పోయింది. పాలు పడ్డాయి. ఒకరోజు మిషను తొక్కుతుంటే కాలు బరువనిపించలేదు. మాఘంలో పాపకి అన్నప్రాసన చేసి, మెత్తగా ఉడికించిన పెసరపప్పు, మునగాకు నాకించాం. దానికీ అమ్మ రాలేదు. మా అత్తే మెత్తబడి, నేనన్న మాటలు మనసులో పెట్టుకోవద్దని మీ అమ్మకి చెప్పవే అంది. నేను చెబితే వినే మనిషా?

ఎండలు ముదిరేసరికి మా చెల్లెలు గౌరికి నెలలు నిండుతున్నాయి. అత్తవారిది చీపురుపల్లి. తొలి కాన్పు కన్నవారింట్లో జరగాలి. అమ్మ మాత్రం గౌరిని తీసుకురాను, అత్తవారే పురుడు పోసుకోవాలి అని కూర్చుంది. గౌరి ఫోనులో వెక్కి వెక్కి ఏడ్చింది. అక్కడ చేసేవాళ్ళెవరూ లేరు, వాళ్ళత్తకి నడుం నొప్పి. నాకు ఒళ్ళు మండి, పాపని చంకనేసుకుని బస్సెక్కాను.

పెరడు చూసి నా కోపం సగం దిగిపోయింది. పందిరి మీద ఎండు తీగలు. తోటకూర మళ్ళు బీటలు వారాయి. అమ్మ వాటికి నీళ్ళు పోయడం మానేసింది. తనూ చిక్కిపోయింది. పాపని నేల మీద దించితే పాకుతూ వెళ్ళి ఆవిడ చీర పట్టుకుంది. అప్పుడు ఎత్తుకుంది. గౌరి మాట ఎత్తితే తల అడ్డంగా ఊపింది.

"నా సెయ్యి మంచిది కాదే రాజీ. ఒకడ్ని తినీసినాను. నిన్నూ తినీబోనాను."

నాకు ముందు ఒక అన్న పుట్టి పోయాడని తెలుసు. అంతకు మించి ఇంట్లో ఎప్పుడూ ఎవరూ మాట్లాడలేదు. అమ్మ పాప వీపు నిమురుతూ, పెరటి వైపు చూస్తూ చెప్పింది. బాలింతగా ఉన్నప్పుడు నానమ్మ పథ్యం పెట్టేదట. పిడికెడు అన్నం, గుక్కెడు నీళ్ళు. ఒకనాడు అందరూ కోతలకి వెళ్ళిపోయారు.

"సట్టిలో తోటకూర అగుపడింది. తినీసినాను. రెండ్రోజులకి ఆడికి జొరం ఒచ్చింది. పోనాడు. నువ్వు తిన్న కూరే ఆడ్ని తినీసిందని మీ నానమ్మ అంది. అప్పట్నించి నాను ఆకు ముట్టలేదు."

అప్పుడు తెలిసింది అరటి తొక్క పట్టుకుని ఎందుకు ఏడ్చిందో. ఇన్నేళ్ళు ఊరందరికీ ఆకుకూర పంచింది, మాకు వండిపెట్టింది, తను పచ్చిమెరపకాయ నంజుకుని తింది. మేమేమో అమ్మకి కారం ఇష్టం అనుకున్నాం. చచ్చిపోయిన నానమ్మ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ రోజుల్లో జ్వరమొస్తే ఎంతమంది పసిపిల్లలు దక్కలేదమ్మా, కూరేం చేస్తుంది అన్నాను. నీకేటి తెలుసు అంది. తెలుసు, నేను పథ్యం చేసి చావబోయాను, ఆకు తిని బతికాను, నీ విత్తనాలతో మొలిచిన ఆకే తిన్నాను అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, పాప ఉలిక్కిపడింది. గౌరిని ఇక్కడికే తెస్తున్నాను, నేనూ పక్కనే ఉంటాను, ఏం పెడతావో నీ ఇష్టం అని చెప్పి బిందె తీసుకుని బోరింగు దగ్గరకి వెళ్ళాను. బీటలు వారిన మళ్ళలో నీళ్ళు పోస్తుంటే, కాసేపటికి అమ్మ వచ్చి నా చేతిలో బిందె లాక్కుంది. ఇంకా పచ్చి బాలింతలా ఉన్నావు, బరువులెత్తకు అంది.

జ్యేష్ఠంలో గౌరికి కొడుకు పుట్టాడు. మగపిల్లాడు అనగానే అమ్మ ముఖం ఎలా అయిపోయిందో నేను చూశాను. ఇంటికి తెచ్చిన రోజు గౌరిని అదే మంచం మీద కూర్చోబెట్టి, పెద్ద చెంబుతో నీళ్ళిచ్చింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వెళ్ళి చూద్దును గదా, పొయ్యి మీద పెసరపప్పులో తోటకూర ఉడుకుతోంది. పక్కనే రోట్లో పథ్యం కారం కూడా దంచి ఉంది. అమ్మ రెండింటి మధ్యా కూర్చుని ఉంది.

గౌరికి ఆకలేస్తోందమ్మా అన్నాను. అమ్మ ఒక కంచం తీసుకుని అన్నం పెట్టింది, పప్పు వేసింది, మంచం దగ్గరకి తేకుండా తన ముందే పెట్టుకుంది. నువ్వు బాలింతవా, ముందు దానికి పెట్టు అని నేను నవ్వబోయాను.

"నాను తిననిది దానికెలగ పెడతానే" అంది.

కలిపింది. ముద్ద చేసింది. నోటి దాకా తెచ్చి ఆగింది. నేను పక్కన కూర్చుని ఆవిడ వీపు మీద చెయ్యి వేశాను. తినేసింది. నమలడం కూడా మర్చిపోయినట్టు కాసేపు అలాగే నోట్లో ఉంచుకుంది. మింగాక నా వైపు తిరిగింది. అరవై దగ్గరపడుతున్న మనిషి, చిన్నపిల్లలా అడిగింది.

"ఆ యేల నాకు ఆకలేసిందే రాజీ. అంతే కదా?"

"అంతేనమ్మా. ఆకలేసింది, తిన్నావు. అంతే."

కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ కంచం పూర్తి చేసి లేచి, ఇంకో కంచంలో వేడన్నం పెట్టి, పప్పు మీద గరిటెడు ఎక్కువే వేసి, గౌరి మంచం వైపు నడిచింది.